గుండెకి ఎక్సోసోమ్ ఇంజెక్షన్ అని ఎవరైనా చెప్తే ఏం చూడాలి, ఏం అడగాలి

నిరుడు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏట్రా, ఇది ఎక్కించుకుంటే గుండె మళ్లీ కొత్తదైపోద్దంట గదా, నువ్వు సేసింది ఈ పనే గదా, ఓపాలి సూడు" అన్నాడు. వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ఆయన వెనకాల కొట్టుకుంటున్న గుండె బొమ్మ, కింద "ఎక్సోసోమ్ థెరపీ, ఆపరేషన్ లేదు, స్టెంట్ అక్కర్లేదు" అని అక్షరాలు, చివర్లో ఫోన్ నంబరు. చిన్నాన్న అప్పటికే ఆ నంబరుకి ఫోన్ చేసేశాడు కూడా. మూడు డోసుల ప్యాకేజీ 3 లక్షలు, ఈ నెలలోగా అడ్వాన్స్ కడితే కొంత తగ్గిస్తామన్నారట. రోడ్డు పక్కన ఉన్న పది సెంట్లు అమ్మేద్దామని పిన్నితో అంటున్నాడు.

చిన్నాన్నది నరసన్నపేట దగ్గర ఊరు. గుండెపోటు వచ్చిన రోజు గ్యాస్ నొప్పి అనుకుని రాత్రంతా సోడాలు తాగుతూ గడిపేశాడు, తెల్లారి శ్రీకాకుళం తీసుకెళ్లి అక్కణ్నుంచి విశాఖపట్నం చేర్చేసరికి గుండె ముందు గోడలో కండ చాలావరకు చచ్చిపోయింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది, కానీ ఎకోలో ఈఎఫ్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంప్ చేస్తుందన్న లెక్క, 30 శాతం దగ్గరే ఆగిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్లవాపు. అలాంటి మనిషికి ఎవరో వచ్చి గుండె కొత్తదవుతుందని చెప్తే ఆశపడడా?

నేను డాక్టర్‌ని కాదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లు ఈ ఎక్సోసోమ్‌ల లాంటి బుడగల్ని వేరుచేసే పని చేశాను. ఆ రోజు చిన్నాన్నని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ వీడియో మా ఊరొక్కదానికే రాలేదు, సోంపేట నుంచి బొబ్బిలి దాకా నాకు తెలిసిన ఎన్నో ఇళ్లకి వెళ్లింది.

ముందు ఆ పొట్లం ఏంటో తెలుసుకోండి

మన ఒంట్లో ప్రతి కణమూ తన పైపొరలోంచో లోపలినుంచో చిన్న చిన్న బుడగలు తయారుచేసి బయటికి వదులుతుంటుంది. వీటినే ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు, కణం బయట తిరిగే బుడగలని అర్థం. నేను వీటిని పొట్లాలంటాను, అలా అంటేనే మా ఇంట్లో వాళ్లకి అర్థమైంది. పొట్లం పైన కొవ్వు పొర, లోపల కొన్ని ప్రోటీన్లు, మైక్రో ఆర్ఎన్ఏ అనే పొట్టి పొట్టి చీటీలు. ఒక కణం కట్టిన పొట్లాన్ని ఇంకో కణం అందుకుని విప్పుకుంటుంది, లోపల చీటీలో ఉన్నదాన్ని బట్టి తన పని కాస్త మార్చుకుంటుంది. ఎక్సోసోమ్ అంటే వీటిలో ఒక చిన్న రకం, 30 నుంచి 150 నానోమీటర్ల సైజు, అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు.

వీటిని మొదట్లో ఎవరూ లెక్కచేయలేదు. 1967లో పీటర్ వుల్ఫ్ అనే ఆయన ప్లేట్‌లెట్ల నుంచి రాలేవాటిని చూసి ప్లేట్‌లెట్ దుమ్ము అన్నాడు. 1980ల్లో కూడా కణం తనకి అక్కర్లేని చెత్తని ఇలా బయట పారేస్తుందనే అనుకునేవాళ్లు. 2007లో స్వీడన్‌లో యాన్ లోట్వాల్ బృందం ఈ పొట్లాల్లో ఆర్ఎన్ఏ ఉందని, అది ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరుతోందని చూపించాకే అందరి కళ్లూ వీటి మీద పడ్డాయి. అంటే శాస్త్రం నిజమే. వీడియోలో ఆయన చెప్పిన మొదటి రెండు నిమిషాలూ నిజమే, అందుకే మిగతాది కూడా నమ్మాలనిపిస్తుంది.

ఇవి తయారుచేయడం ఎంత ఓపిక పనో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే తర్వాత ఏం అడగాలో మీకే తడుతుంది. కణాలు పెంచిన ద్రవాన్ని ముందు నెమ్మదిగా తిప్పి కణాల్ని కిందికి దించాలి, పైన తేరినదాన్ని తీసి ఇంకాస్త వేగంగా తిప్పి చచ్చిన కణాల ముక్కల్ని తీసేయాలి, మళ్లీ ఇంకా వేగంగా, చివరికి భూమ్యాకర్షణకి లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పాలి. ట్యూబులు ఎదురెదురుగా సరిసమానంగా తూగాలి, లేకపోతే మెషీన్ దెబ్బతింటుంది. అంతా అయ్యాక ట్యూబు తీసి వెలుతురుకి పట్టి చూస్తే అడుగున ఏమీ కనపడదు. నిజంగా ఏమీ కనపడదు. అందుకే తిప్పేముందే ట్యూబు బయటి వైపున మార్కర్‌తో చిన్న గీత పెట్టుకుంటాం, మన సరుకు ఆ గీత వెనకాలే అంటుకుని ఉంటుందన్న నమ్మకంతో పైనున్న నీటిని ఒంపేసి, అక్కడ నాలుగు చుక్కల సెలైన్ లాంటి ద్రావణం పోసి పిపెట్‌తో మెల్లగా కడుగుతాం. తర్వాత దాన్ని లెక్కపెట్టే మెషీన్‌లో పెడితే, కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము కదిలినట్టు స్క్రీన్ మీద తెల్ల చుక్కలు వణుకుతూ కనపడతాయి. ఆ వణుకుని బట్టే సైజు, సంఖ్య లెక్కగడతారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ మెషీన్‌కి చుక్క కనపడుతుంది తప్ప అది పొట్లమో, ప్రోటీన్ ముద్దో, కొవ్వు బొట్టో తెలియదు. పైగా కణాల్ని పెంచడానికి వాడే పశువు సీరంలోనే ఆ పశువు పొట్లాలు బోలెడు ఉంటాయి, వాటిని ముందే తీసేయకపోతే మనం మనిషి బొడ్డుతాడు కణాల సరుకనుకుంటూ దూడ సరుకు లెక్కపెడుతున్నట్టే. మా ల్యాబ్‌లో ఒకసారి మూడు వారాల పని ఇలాగే పోయింది, సంఖ్య బ్రహ్మాండంగా వచ్చింది, తీరా పరీక్షిస్తే అందులో సగానికి పైగా మాది కాదు. జాగ్రత్తగా చేసే ల్యాబ్‌లోనే అలా జరిగితే, అద్దాల క్లినిక్‌లో సీసా మీద "100 కోట్ల ఎక్సోసోమ్‌లు" అని రాసి ఉన్నంత మాత్రాన ఏం తెలిసినట్టు? మన రక్తంలోనే ప్రతి మిల్లీలీటరులో ఇవి కోట్లకొద్దీ తిరుగుతుంటాయి.

గుండెకి వీటితో ఏం చేయాలనుకుంటున్నారు

గుండె కండకి తిరిగి పెరిగే గుణం చాలా తక్కువ, పెద్దవాళ్లలో ఏడాదికి ఒక శాతం కణాలు కూడా కొత్తవి రావు. గుండెపోటులో చచ్చిన కండ స్థానంలో మచ్చ పడుతుంది, ఆ మచ్చ కుంచించుకోదు, పంప్ చేయదు. మిగిలిన కండ ఆ బరువంతా మోసి మోసి సాగిపోతుంది. చిన్నాన్న ఆయాసానికి కారణం ఇదే.

దీన్ని బాగుచేయాలని పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్న పారిస్ సర్జన్ ఫిలిప్ మెనాషే గురించి చెప్పాలి. 2000లో ఆయన ఒక రోగి తొడ కండలోంచి తీసిన కణాల్ని పెంచి గుండెలో పెట్టాడు, ప్రపంచమంతా మారుమోగింది. తర్వాత ఆయనే పద్ధతిగా పెద్ద ట్రయల్, అంటే రోగుల మీద చేసే పరీక్ష, చేసి, 2008లో, దీనివల్ల గుండె పనితీరు మెరుగవలేదని తనే రాశాడు. 2014లో పిండ మూలకణాల (వేరే రకం కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్) నుంచి చేసిన గుండె కణాల్ని పట్టీలా అతికించాడు. ఆ కణాలు అక్కడ ఎక్కువకాలం బతకవని, మేలు జరిగితే అవి వదిలే పొట్లాల వల్లే జరుగుతూ ఉండొచ్చని ఆలోచన మారాక, ఇప్పుడు కణాలు వదిలేసి పొట్లాల్నే సెలైన్‌లా నరంలోకి ఎక్కించే తొలిదశ ట్రయల్‌కి వచ్చాడు. అది కూడా గుండె బాగా బలహీనపడిన కొద్దిమందిలో, ముందు ప్రమాదం లేదని తేల్చుకోవడానికి. తను నమ్మినది పనిచేయలేదని తనే బయటపెట్టిన మనిషే ఇప్పటికీ ఇంత నెమ్మదిగా వెళ్తుంటే, ఎవరో "వారంలో తేడా తెలుస్తుంది" అంటే నాకు కోపమొస్తుంది.

జంతువుల్లో ఫలితాలు మాత్రం బాగున్నాయి, దాచాల్సిన పనిలేదు. 2010లో సింగపూర్, నెదర్లాండ్స్ వాళ్లు కలిసి మూలకణాల పొట్లాలు ఇస్తే ఎలుకల్లో గుండెపోటు తర్వాత చచ్చే కండ తగ్గిందని చూపించారు. అమెరికాలో ఎడ్వార్డో మార్బాన్ బృందం 2014లో గుండె నుంచి తీసిన కణాల పొట్లాలతో ఇలాంటిదే చూపించింది. అయితే ఎలుకకి గుండెపోటు మనమే తెప్పిస్తాం, మందు సరిగ్గా ఆ నిమిషానికి ఇస్తాం, అది కుర్ర ఎలుక, దానికి షుగరూ బీపీ ఉండవు. మన చిన్నాన్నకి 61 ఏళ్లు, షుగరు ఉంది, గుండెపోటు వచ్చి రెండేళ్లయింది.

ఈ రంగంలో మోసమూ జరిగింది. పియరో అన్వెర్సా అనే పేరున్న శాస్త్రవేత్త గుండెలో మూలకణాలున్నాయని రాసిన 31 పరిశోధన పత్రాల్ని వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డ్ వాళ్లే కోరారు, వాటిలో డేటా కల్పితమని తేలింది. వాటిని నమ్మి ఎంతోమంది ఏళ్లకేళ్లు పనిచేశారు. అంత పెద్దచోటే అలా జరిగిందంటే కాగితం చూడకుండా డబ్బు కట్టడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

ముందు మీ వాళ్లది ఏ గుండె జబ్బో చూడండి

గుండె జబ్బంటే ఒకటి కాదు. రిపోర్టు ఫైల్ తీసి ఏం రాశారో చదవండి, అర్థం కాకపోతే మీ కార్డియాలజిస్ట్‌ని "మాది బ్లాకా, కండ బలహీనతా, వాల్వా, కరెంటు సమస్యా?" అని ఒక్క ప్రశ్న అడగండి. రక్తనాళంలో బ్లాకుంటే పొట్లాలు దాన్ని తెరవలేవు, అది స్టెంటో బైపాసో చేయాల్సిన పని. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు బిగుసుకుపోతే అదీ అంతే, తలుపు ఇరుక్కుంటే తలుపే బాగుచేయాలి. కాబట్టి "స్టెంట్ అక్కర్లేదు, బైపాస్ అక్కర్లేదు" అన్న ముక్క ఎక్కడ కనపడినా అక్కడితో ఆ వీడియో కట్టేయొచ్చు. పొట్లాల పరిశోధన ముఖ్యంగా రెండు సందర్భాల మీద నడుస్తోంది: గుండెపోటు వచ్చిన కొత్తలో చచ్చే కండని తగ్గించడం, కండ బలహీనపడిన హార్ట్ ఫెయిల్యూర్‌లో మచ్చనీ వాపునీ తగ్గించడం.

ఎలా ఇస్తారన్నది కూడా తేలని విషయమే. నరంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు పట్టేస్తాయి, గుండెకి చేరేది కొంచెమే, రక్తంలోంచి కూడా తొందరగానే మాయమవుతాయి. కాథెటర్‌తో గుండె రక్తనాళంలోకి ఇవ్వడం, ఆపరేషన్ సమయంలో కండలోకే గుచ్చడం, జెల్‌లో కలిపి గుండె మీద పూయడం, ఇవన్నీ ప్రయత్నిస్తున్నారు. డోసు పొట్లాల సంఖ్యలో చెప్పాలా, ప్రోటీన్ బరువులో చెప్పాలా అన్నదాని మీద కూడా అందరికీ ఒకటే మాట లేదు. చిన్నాన్నకి ఫోన్‌లో చెప్పినవాళ్లు మాత్రం బరువు అడగలేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అడగలేదు, ఈఎఫ్ ఎంతని కూడా అడగలేదు, మూడు డోసులని చెప్పేశారు.

ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలి

నేను చిన్నాన్న ఫోన్‌లోంచే స్పీకర్ పెట్టి మాట్లాడాను. మీరూ అలాగే చేయండి, పక్కన ఇంకొకరు కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. మర్యాదగానే అడగండి, అవతల మాట్లాడేది జీతానికి పనిచేసే పిల్లే అయ్యుంటుంది.

మొదటి ప్రశ్న, ఇది ఆమోదం ఉన్న చికిత్సా, ట్రయలా? దీనికి రెండే జవాబులుండాలి. ఆమోదం ఉందంటే, ఏ మందు పేరు మీద, ఏ జబ్బుకి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇచ్చిన కాగితం పంపమనండి. గుండె జబ్బుకి వాడమని ఆమోదం పొందిన ఎక్సోసోమ్ మందు మన దేశంలో లేదు. అమెరికాలోనూ లేదు, అక్కడ నెబ్రాస్కా రాష్ట్రంలో ఆమోదం లేని ఎక్సోసోమ్ ఉత్పత్తులు వేయించుకున్నవాళ్లకి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయని 2019 డిసెంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగంగా హెచ్చరించింది. కొందరు కాస్మెటిక్ లైసెన్స్ చూపిస్తారు. చట్టప్రకారం కాస్మెటిక్ అంటే ఒంటిమీద పూసుకునేదో చల్లుకునేదో, నరంలోకి ఎక్కించేది కాదు. ముఖానికి రాసే సీరం కాగితం చూపించి గుండెకి ఎక్కించేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి.

ట్రయల్ అంటే, అప్పుడు డబ్బెందుకు? ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. ట్రయల్‌లో చేరిన మనిషి దగ్గర పరీక్షించే మందుకి డబ్బు తీసుకోకూడదు. మనం వాళ్లకి మన ఒళ్లు ఇచ్చి సాయం చేస్తున్నాం, ఎదురు మనమే కట్టడమేంటి? 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలైతే మూలకణాల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాయి, రక్తానికి సంబంధించిన జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా ఏదైనా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. "ఇందులో కణాల్లేవు, వట్టి ఎక్సోసోమ్‌లే, అందుకే ఆ రూల్ మాకు వర్తించదు" అని నాతో ఒకాయన అన్నాడు. కణాల్లేకపోతే అది ఇంజెక్షన్ రూపంలో ఉన్న కొత్త మందే కదా, దానికీ అనుమతి కావాలి.

తర్వాత సరుకు గురించి అడగండి. ఏ కణాల నుంచి తీశారు, బొడ్డుతాడా, కొవ్వా, ఎముక మజ్జా? ఇచ్చిన మనిషికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేశారా? ఈ బ్యాచ్‌కి స్టెరిలిటీ, ఎండోటాక్సిన్ రిపోర్టులున్నాయా? సీడీ 9, సీడీ 63, సీడీ 81 గుర్తులు చూశారా? ఈ పేర్లు మీకు అర్థమవ్వాల్సిన అవసరం లేదు, అవతలివాళ్లకి అర్థమైందా లేదా అన్నదే మీరు చూడాలి. ఎక్కడ నిల్వ ఉంచారని అడగండి. ల్యాబుల్లో సాధారణంగా సున్నాకి 80 డిగ్రీలు కింద ఉంచుతాం, ఒకసారి కరిగించాక మళ్లీ గడ్డకట్టిస్తే పొట్లాలు పాడవుతాయి. వీటి ఉపరితలం మీద ఉండేవాటిని బట్టి కొన్ని రకాలు రక్తం గడ్డకట్టించగలవు కూడా, స్టెంట్ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

మా ఫోన్‌లో ఈ ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబొచ్చింది: "సార్, మీరు ఒకసారి రండి, మా డాక్టర్‌గారు వివరంగా చెప్తారు." చిన్నాన్న అదంతా విన్నాడు. అప్పుడు ఏమీ అనలేదు.

నిజమైన ట్రయల్ ఉందో లేదో మీరే వెతకండి

ఫోన్‌లో సీటీఆర్‌ఐ ఇండియా అని కొట్టండి. ఇది ప్రభుత్వ వెబ్‌సైట్, మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు అందులో ఉంటాయి, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ట్రయల్ సెర్చ్‌లోకి వెళ్లి ఎక్సోసోమ్ అనీ, ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్ అనీ, కండిషన్ దగ్గర హార్ట్ ఫెయిల్యూర్ అనీ ఇంగ్లిష్‌లో టైప్ చేయండి, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లకి ఇవ్వండి, ఐదు నిమిషాల పని. క్లినిక్ వాళ్లు నంబరిస్తే అది సీటీఆర్‌ఐ అని మొదలై తర్వాత ఏడాది, నెల, ఆరంకెల నంబరుతో ఉంటుంది. ఆ నంబరు కొట్టి పేజీ తెరిచాక అందులో జబ్బు పేరు మీదేనా చూడండి, చాలాసార్లు మోకాళ్ల నొప్పి ట్రయల్ నంబరు చూపించి గుండెకి రమ్మంటారు. సెంటర్ల పేర్లలో మీరు మాట్లాడిన చోటుందా, ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందా, డీసీజీఐ (సీడీఎస్‌సీఓ అధిపతి) అనుమతి గడిలో ఏం రాసుంది, ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నారా, ఇవి చూడండి. నమోదు చేసుకున్నంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, ఆ రెండూ వేరు.

విదేశీ ట్రయల్ అయితే ఎన్‌సీటీ అని మొదలై ఎనిమిది అంకెలుంటాయి. అలాంటి నంబరు చూపించి "మేమూ అదే చేస్తాం" అంటే, అక్కడ వాళ్లు పరీక్షిస్తున్న సరుకు వేరు, వీళ్ల సీసాలో ఉన్నది వేరు.

ఒకవేళ నిజంగా మీ వాళ్లకి సరిపోయే ట్రయల్ దొరికితే భయపడాల్సిన పనిలేదు, చేరడం మంచిదే, ఎవరో ఒకరు చేరకపోతే మందులు రావు. తెలుగులో రాసిన సమాచార పత్రం అడగండి, ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి, సంతకం అక్కడికక్కడే పెట్టమంటే పెట్టకండి. కొందరికి అసలు మందు కాకుండా ఉత్త సెలైన్ రావచ్చు, ఎవరికేది వచ్చిందో డాక్టర్‌కే తెలియకపోవచ్చు, ఇది ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. ఎప్పుడైనా మానేసే హక్కు మీకుంటుంది. గుండె కోసం జరిగే మంచి ట్రయల్ అయితే ముందూ తర్వాతా ఎకో, కార్డియాక్ ఎంఆర్ఐ, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష, ఆరు నిమిషాల నడక పరీక్షల్లాంటివి చేస్తారు. "ముఖంలో కళ వచ్చింది" అన్నది కొలత కాదు.

ఈలోగా చేయాల్సినవి చాలా ఉన్నాయి

ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను, నిజం చెప్పాలంటే. చిన్నాన్న మందుల డబ్బా విప్పి చూస్తే అందులో ఆస్పిరిన్, స్టాటిన్, ఒంట్లో నీరు తీసే నీటి మాత్ర మాత్రమే ఉన్నాయి. మిగతావి అయిపోయాక మళ్లీ కొనలేదట, "ఎన్నని మింగుతాంరా" అన్నాడు. ఈఎఫ్ 40 కన్నా తగ్గిన హార్ట్ ఫెయిల్యూర్‌లో నాలుగు రకాల మందులు కలిసి మనిషి ఆయుష్షు పెంచుతాయని పెద్ద పెద్ద ట్రయల్స్‌లో రుజువైంది: బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ లాంటిది, సాక్యుబిట్రిల్ వల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది. చివరిది షుగరు బిళ్లగా వచ్చిందే, 2019లో షుగరు లేని గుండె రోగులకి కూడా మేలు చేస్తుందని తేలింది, ఇప్పుడు జనరిక్‌లో చవగ్గా దొరుకుతుంది. ఏవి వాడాలో, ఎంత డోసో డాక్టరే చెప్పాలి, కానీ "నాకు ఈ నాలుగూ ఉన్నాయా, లేకపోతే ఎందుకు లేవు?" అని అడగడం మన పని. చిన్నాన్నకి శ్రీకాకుళంలో అడిగిస్తే రెండు కొత్తగా రాశారు.

మన జిల్లాల్లో కిడ్నీ సంగతి మర్చిపోకూడదు. ఉద్దానం వైపు వాళ్లయితే, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఎక్కడైనా, గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్రియాటినిన్, పొటాషియం రిపోర్టు చేత్తో పట్టుకెళ్లండి, ఆ నాలుగు మందుల్లో కొన్నిటి డోసు వాటిని బట్టే ఉంటుంది. స్పైరనోలాక్టోన్ వాడుతూ కిడ్నీ కూడా బలహీనంగా ఉన్నవాళ్లు కొబ్బరినీళ్లు తాగొచ్చా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి, అందులో పొటాషియం చాలా ఎక్కువ, చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్లలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. ఒళ్లునొప్పులకి ఊళ్లో వేసే నొప్పి ఇంజెక్షన్, డైక్లోఫెనాక్ బిళ్ల, ఇవి గుండెకీ కిడ్నీకీ రెండిటికీ చేటు, ఒంట్లో నీరు నిలబెట్టేస్తాయి.

ఉప్పు విషయంలో మాత్రం మా పిన్నితో పెద్ద యుద్ధమే అయింది. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గించేశామంటుంది, కానీ పొద్దున్న చోడి అంబలిలో ఉప్పు, మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి ఎండు నెత్తళ్ల వేపుడు. ఒక్క ఎండుచేప ముక్కలో ఉన్న ఉప్పు రోజంతా కూరల్లో తగ్గించినదాన్ని మింగేస్తుంది. ఎండుచేప పూర్తిగా మానేశాడు, ఆవకాయ పండగలకే. రోజూ పొద్దున్న బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీదే ఆ తేదీ గడిలో రాయమన్నాను. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది అన్నం బరువు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మార్చిలో ఒకసారి క్యాలెండర్‌లో 64, 65, 66 అని వరసగా కనపడితే పిన్ని ఫోన్ చేసింది, నీటి మాత్ర డోసు మార్చారు, ఆస్పత్రిలో చేరాల్సిన పని పడలేదు.

ఎవరికైనా గుండె మీద బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం మొదలైతే సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఈసీజీ తీసే ఆస్పత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత కండ మిగులుతుంది, విశాఖపట్నం దాకా వెళ్లాకే వైద్యం మొదలవుతుందని అనుకోకండి. చిన్నాన్నకి ఆ రాత్రి పోయిన కండని ఏ పొట్లమూ ఇప్పటికి తిరిగి తేలేదు. స్టెంట్, బైపాస్ లాంటివాటికి ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మనం ఆరోగ్యశ్రీ అనేదాంట్లో, కార్డు పనికొస్తుందేమో 104కి ఫోన్ చేసి కనుక్కోండి, పొలం అమ్మే ముందు చేయాల్సిన ఫోన్ అది.

ఇప్పటికే వేయించుకుని ఉంటే

తిట్టుకోవద్దు, ఇంట్లోవాళ్లు తిట్టవద్దు. ఆశతోనే వెళ్లారు. బిల్లు, సంతకం పెట్టించుకున్న కాగితం, దొరికితే ఖాళీ సీసా, దాని మీద బ్యాచ్ నంబరు ఫోటో, అన్నీ ఒక కవర్లో పెట్టండి. చలిజ్వరం, సూది గుచ్చినచోట ఎరుపు, కొత్తగా ఆయాసం, కాలు ఒకవైపే వాయడం కనపడితే వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఏం ఎక్కించుకున్నారో దాచకుండా చెప్పండి, చెప్పకపోతే డాక్టర్ వేరే దారిలో వెతుకుతూ ఉంటాడు. మందు వల్ల హాని జరిగిందనిపిస్తే ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800 180 3024కి ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. గుండె మందులు మానేయమని ఆ క్లినిక్‌లో చెప్పి ఉంటే, ఈ రోజే మీ పాత డాక్టర్‌కి ఫోన్ చేసి ఏవి మళ్లీ మొదలుపెట్టాలో అడగండి, సొంతంగా పాత డోసుతో ఒకేసారి మొదలుపెట్టకండి, బీటా బ్లాకర్ లాంటివి కొన్ని మళ్లీ చిన్న డోసు నుంచి ఎక్కాల్సి వస్తుంది.

చిన్నాన్న ఆ పది సెంట్లు అమ్మలేదు. నెలకోసారి నేను సీటీఆర్‌ఐలో వెతికి చెప్తున్నాను, ఆయన క్యాలెండర్ గళ్లు నింపుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "ఏట్రా, ఇంకా ఏటీ రాలేదా?" అన్నాడు. ఇంకా రాలేదు చిన్నాన్నా, ఈ నెల కూడా చూశాను అన్నాను. "సరే, వచ్చే నెల సూడు" అని, ఈ రోజు బరువు 63న్నర అని చెప్పి పెట్టేశాడు.